సింహాచలం ఎక్కని విమానం

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, వాటిని అవమానించాను కూడా. భిలాయి క్యాంప్ వన్‌లో మేం మొదట అద్దెకు దిగిన ఇంట్లో అంతకుముందు ఎవరో దూలానికి ఉరేసుకున్నారని వీధంతా వచ్చి చెప్పి వెళ్ళింది. అదే దూలానికి నేను ఉయ్యాల కట్టి, జోలపాట పాడి, మా పాపను నిద్రపుచ్చాను. పాప పడుకుంది. నా గొంతు విన్నాక దెయ్యం మాత్రం ఇల్లు ఖాళీ చేసి ఉంటుంది.

నన్నెరిగినవాళ్ళు ఇక్కడికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. పిల్లిని చూసి పులి అనేవాళ్ళను అందరూ ఎరుగుదురు. నేను రెండు పులులంటాను, పైగా వాటిలో ఒకటి నన్ను గుర్తుపట్టిందంటాను. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాలని కూర్చున్నాను. ఎక్కడైనా చెయ్యి జారి పెంచితే అక్కడికక్కడే ఒప్పుకుంటాను.

సింహాచలం మా ఉక్కు మిల్లులో క్రేను నడిపేవాడు. షెడ్డు కప్పు కింద, ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టాల మీద తిరిగే క్రేను అది. దానికి వేలాడే గాజు గదిలో కూర్చునేవాడు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చాడు. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, అతను తమ్ముడూ అనేవాడు. రక్తసంబంధం ఏమీ లేదు, ఒకే షిఫ్టు.

నేను కింద ఉండేవాణ్ణి. నా పని చేతులతో సైగలు చెయ్యడం. మిల్లు రొదలో పక్కవాడి కేకే వినబడదు, ఇక నలభై అడుగుల పైనున్నవాడికి ఏం వినబడుతుంది? చూపుడువేలు పైకి పెట్టి చిన్న సున్నాలు చుడితే ‘ఎత్తు’. వేలు కిందికి పెట్టి చుడితే ‘దించు’. అరచెయ్యి నేలవైపు చాచితే ‘ఆగు’. ఒక బరువుకి ఒకడే సైగ చెయ్యాలని రూలు. పైవాడు ఆ ఒక్క చేతినే చూడాలి, ఆ చెయ్యి చెప్పినట్టే కదలాలి. ఇంజనీరొచ్చి పక్కన గంతులేసినా పట్టించుకోకూడదు. పద్నాలుగేళ్ళు సింహాచలం నా చెయ్యి తప్ప మరో చెయ్యి చూడలేదు. నేను సెలవు పెడితే తనూ సెలవు పెట్టేవాడు. ఇది పెంచి చెబుతున్నది కాదు.

ఇక నా అబద్ధం దగ్గరికి వస్తాను.

ఒకసారి ఏవో విడిభాగాలు చూసుకుని రమ్మని మిల్లువాళ్ళు నన్ను బొంబాయి పంపారు. అప్పటికి అది ఇంకా బొంబాయే. పని తొందరగా అయిపోవడంతో అనుకున్నదానికన్నా ఒక రోజు ముందే రైలెక్కి వచ్చేశాను. మర్నాడు టీ తాగే వేళ సింహాచలం నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

“ఏటి తమ్ముడూ, రేపు కదా రావల్సినోడివి?”

“రైల్లో ఎవడొస్తాడన్నా? ఇమానంలో వచ్చీసినాను.”

ఎందుకన్నానో తెలీదు. నోరు అటువంటిది. అక్కడున్న పదిమందీ ఘొల్లుమన్నారు. మాతో పనిచేసే ఛత్తీస్‌గఢీ కుర్రాడొకడు “భయ్యా, ఇత్‌నా లంబా మత్ ఫేంకో” అని నా వీపు మీద చరిచాడు. ఇంత పొడుగు కోతలు కొయ్యకు అని. అంతటితో అయిపోవలసిన మాట అది.

కానీ సింహాచలం నవ్వలేదు. అందరూ వెళ్ళాక గ్లాసు పట్టుకుని దగ్గరికొచ్చి, గుడిలో అడిగినట్టు మెల్లగా అడిగాడు.

“ఎంతసేపు పట్టినాది?”

ఆ రోజు తప్పించుకున్నాను. సాయంత్రం మాత్రం పక్కనున్న దుర్గ్ వెళ్ళి, విమానం టిక్కెట్లు అమ్మే దుకాణం గోడ మీద అంటించిన కాగితం చూసి వచ్చాను. మాకు దగ్గరి రాయపూర్‌లో పొద్దున్న ఎనిమిదీ పదికి లేస్తుంది, బొంబాయిలో తొమ్మిదీ యాభైకి దిగుతుంది. గంటా నలభై నిమిషాలు. వచ్చేటప్పుడూ అంతే ఉంటుందని నేనే తీర్మానించేశాను. అది చాలక ఇంటికొచ్చి మా పాప అట్లాసు తీసి, రెండు ఊళ్ళ మధ్యా దారం పెట్టి కొలిచాను. గాలిదారిన తొమ్మిది వందల యాభై కిలోమీటర్లు తేలింది. రైలుదారిన పదకొండు వందలని నాకు ముందే తెలుసు. ఒక చిన్న అబద్ధానికి ఇంత చదువు చదివినవాడు భిలాయిలో మరొకడు ఉండడు.

ఆ లెక్కలు చెప్పగానే సింహాచలం కళ్ళు మెరిశాయి. అతనికీ ఒక లెక్క ఉంది. క్రేను మీద రోజుకి సుమారు ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ తిరుగుతాడట. అంటే రెండు నెలలకోసారి బొంబాయి చేరుతున్నట్టు.

“ఇరవై మూడేళ్ళబట్టి ఎల్తన్నాను తమ్ముడూ. ఏ రోజుకారోజు ఎక్కినకాడే దిగతన్నాను.”

ఆ తర్వాత ఆరేళ్ళు నా విమానం దిగలేదు. రోజూ ఏదో ఒకటి అడిగేవాడు. కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు? నేల మీంచి లేచేటప్పుడు ఎలాగుంటుంది, బరువు లేవబోయే ముందు క్రేను తాడు బిగుసుకున్నట్టా? అచ్చం అలాగే అన్నాను. వాతావరణం బాగుంటే కిటికీ జానెడు తెరుచుకోవచ్చన్నాను. అల్లం పచ్చడితో పెసరట్టు పెట్టారన్నాను. నడిపేవాడు విజయనగరం వాడేనని, మనవాళ్ళని తెలిసి మా మిల్లు మీదికి వచ్చేసరికి కాస్త కిందికి దించాడని, నేను చెయ్యి ఊపానని కూడా అన్నాను.

ఈ చివరిది విన్నప్పుడు సింహాచలం నొచ్చుకున్నాడు.

“ఒక్క మాట ముందుగా సెప్పలేదేటిరా? ఆ పూట నాను డూటీలోనే ఉన్నాను. పైకొచ్చి సూసీవోణ్ణి కదా.”

అంత నొచ్చుకున్నా నేను ఆపలేదు. నిజం చెప్పేందుకు ఆరేళ్ళలో నాకు రెండు వేల రోజులు దొరికాయి. వింటున్న ఆ మొహం ముందు చెప్పబుద్ధి కాలేదు. నన్ను అంతగా నమ్మి విన్నవాడు ఇంకెవడూ లేడు.

తొంభై మూడులోనో తొంభై నాలుగులోనో, వానలు వెనకపట్టిన రోజుల్లో, క్రేను మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయాడు. ఊపిరి అందలేదు. మిల్లు ఆస్పత్రిలో చూసి గుండెలో ఒక కవాటం పాడైందన్నారు. ఆపరేషన్ బొంబాయిలో చెయ్యాలన్నారు.

ఆ మధ్యాహ్నం డాక్టరు గదిలో ముగ్గురం ఉన్నాం. డాక్టరు బల్లకి అవతల, సింహాచలం ఇవతల కుర్చీలో, నేను గోడ దగ్గర నిలబడి. డాక్టరు కాగితం మీద కలం పెట్టి హిందీలో చెప్పాడు. మిల్లు ఖర్చు మీద విమానానికి రాయమంటే రాస్తాను, తోడుకి ఒక్కరికే రాస్తాను, రేపు పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నానికల్లా ఆస్పత్రిలో ఉంటారు, శ్రమ ఉండదు. రైలైతే ఈ సాయంత్రమే ఉంది, ఇరవై గంటలు కుదుపులు, అయినా వెళ్ళలేనంత స్థితి కాదు. నన్నడిగితే విమానమే. మీ ఇష్టం.

సింహాచలం తోడుకి నా పేరు ముందే చెప్పేశాడు. ఎక్కినవాణ్ణి నేనే కదా.

“ప్లేన్ సే జాయేంగే, యా ట్రేన్ సే?” అని డాక్టరు మళ్ళీ అడిగాడు.

సింహాచలం డాక్టరు వైపు చూడలేదు. తల తిప్పి నా వైపు చూశాడు. నా మొహం కాదు, నా చెయ్యి.

ఇక్కడ పెంచడానికీ తగ్గించడానికీ ఏమీ లేదు. ఆ క్షణంలో నేను అతని గుండె గురించి ఆలోచించలేదు. పక్కసీట్లో కూర్చున్నాక బెల్టు ఎలా పెట్టుకోవాలో నాకు తెలీదని, కిటికీ తెరుచుకోదని అతనికి తెలిసిపోతుందని, పెసరట్టు రాదని, ఆరేళ్ళ నా గొప్ప మొత్తం గంటా నలభై నిమిషాల్లో ఊడిపోతుందని ఆలోచించాను. నా కుడిచెయ్యి తొడ పక్కన వేలాడుతోంది. చూపుడువేలు నేలవైపు తిరిగి రెండు సున్నాలు చుట్టింది. దించు. నేనే చుట్టాను. అలవాటు మీద చుట్టింది, నాకు తెలియకుండా చుట్టింది అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. తెలిసే చుట్టాను.

“ట్రేన్ సే హీ సాబ్,” అన్నాడు సింహాచలం.

బయటికొచ్చాక నా నోరు సాకులు అల్లింది. రైలైతే వదిన కూడా రావచ్చు, విమానంలో ఒక్కడికే కదా చోటు. పైగా గాల్లో చెవులు దిమ్మెక్కుతాయి, గుండె మీద ఒత్తిడి. సింహాచలం అంతా విని ఒక్కటే అన్నాడు.

“ఎక్కినోడివి. నీకు తెల్సు.”

వదిన పేరు పైడితల్లి. రైలని తెలియగానే ఆవిడ మొహంలోకి ప్రాణం వచ్చింది. గంటలో చీరలు సర్దేసి, దారికి చింతపండు పులిహోర కలిపేసి సిద్ధమైంది. పదో తరగతి చదివే కొడుకు రమేష్‌ను మా ఇంట్లో దించి సాయంత్రం బండి ఎక్కాం.

రాత్రంతా మామూలుగానే గడిచింది. జరిగింది పొద్దున్న, పట్టపగలు, రైలు డబ్బా నిండా జనం ఉండగా.

భుసావల్ దాటాం. రెండు వైపులా అరటితోటలు. సింహాచలం కిందిబెర్తులో కిటికీ వైపు తలపెట్టి పడుకున్నాడు. ఎదురుగా వదిన, ఆవిడ పక్కన నేను. ఎనిమిది కావస్తుండగా సింహాచలం కళ్ళు మూసుకునే కుడిచెయ్యి పైకెత్తాడు. ఎవరో పళ్ళెం చాపితే అందులోంచి తీసుకున్నట్టు వేళ్ళు ముడిచి, చొక్కా జేబు దగ్గరికి తెచ్చుకున్నాడు. రోగి చెయ్యి కదా, అలాగే కదులుతుందిలే అనుకున్నాను.

“నీకూ ఒకటి తీసినాను,” అన్నాడు.

“ఏటన్నా?”

కాసేపటికి “టైమెంత?” అన్నాడు.

గడియారం చూశాను. ఎనిమిదీ తొమ్మిది. చెప్పాను.

“మరైతే సిగ్నలియ్యి.”

ఆట అనుకున్నాను. వద్దనడానికి నాకు మొహం ఎక్కడుంది? చూపుడువేలు పైకి పెట్టి చిన్నగా చుట్టాను. అతని కళ్ళు మూసే ఉన్నాయి. అయినా నా వేలు తిరగడం మొదలవగానే అతని చెయ్యి ఛాతీ మీద మెల్లగా ముందుకు జరిగింది, క్రేను హ్యాండిలు ఒక్కో గాటూ జరిపినట్టు.

“తాడు బిగుసుకున్నట్టు లేదురా,” అన్నాడు. “ఎనకనించి ఎవులో తోస్తన్నట్టున్నాది.”

తర్వాత అతను ఆగి ఆగి మాట్లాడాడు. పది నిమిషాలకోసారి రెండు మాటలు. అన్నీ నాకు గుర్తులేవు. గుర్తున్నవి మాత్రం మాట పొల్లుపోకుండా గుర్తున్నాయి. కిటికీ తెరుచుకోదన్నాడు. రెండు అద్దాలున్నాయని, లోపలి అద్దానికి అడుగున సూది దూరేంత కన్నం ఉందని, దాని చుట్టూ మంచు పట్టిందని చెప్పాడు. కుడివైపు కింద మబ్బుందని, మబ్బు మీద విమానం నీడ పరుగెత్తుతోందని, నీడ చుట్టూ గుండ్రంగా ఇంద్రధనుస్సు ఉందని చెప్పాడు.

“గాజులాగున్నాదే,” అన్నాడు వదినతో. “నీ సేతికి సరిపోతాది.”

నేను ఆరేళ్ళలో చెప్పిన కథల్లో ఆ కన్నమూ ఆ మంచూ ఆ గాజూ లేవు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

వదిన లేచి అతని నుదురు తాకింది. “జొరమేటి, పలవరిస్తన్నాడు?” అంటూ చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది. “మరిదీ, సల్లగున్నాడు.” నేనూ తాకాను. కిటికీలోంచి ఎండ అతని మెడ మీద పడుతోంది. నా చొక్కా చెమటకి తడిసింది. అతని నుదురు మట్టికుండలా ఉంది. చలేస్తోందంటే దుప్పటి కప్పాం. డబ్బాలో దుప్పటి కప్పుకున్న మనిషి అతనొక్కడే.

చాలాసేపటి తర్వాత కళ్ళు మూసుకునే, “ఇంక దించు,” అన్నాడు. నేను వేలు కిందికి పెట్టి చుట్టాను. అతను రెండుసార్లు చిన్నగా కుదుపు తిన్నట్టు కదిలాడు, కళ్ళు తెరిచాడు. గడియారం చూశాను. తొమ్మిదీ యాభై. ఒక నిమిషం అటో ఇటో.

సింహాచలం నా వైపు చూసి నవ్వాడు. అందులో కోపం గానీ వెక్కిరింత గానీ లేదు.

“గంటా నలభయ్యే తమ్ముడూ. అదొక్కటీ ఉన్నదున్నట్టు సెప్పినావు.”

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వదినని అడిగి కాసిన్ని నీళ్ళు తాగాడు, నిద్రపోయాడు. నేను అరటితోటలు చూస్తూ కూర్చున్నాను. ‘అన్నా, నన్ను క్షమించు’ అని అప్పుడే అనవలసింది. బొంబాయి చేరేలోపు ఇంకా ఐదు గంటలుంది. అనలేదు.

ఆపరేషన్ నాలుగో రోజు చేశారు. ఆ తర్వాత రెండు రోజులున్నాడు. ఆరో రోజు మధ్యాహ్నం పోయాడు.

కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటున్న అక్కడి డాక్టర్ని నేను పక్కకి పిలిచి ఒక్కటే అడిగాను. రైల్లో కాక విమానంలో తెచ్చి ఉంటే బతికేవాడా? ఆయన పాపం మంచివాడే, చేతినిండా పని ఉన్నవాడు. “అది నేను చెప్పలేను. అలసట తక్కువ ఉండేది,” అన్నాడు. ఆ నాలుగు ముక్కలూ ఇప్పటికీ నాతోనే ఉన్నాయి. ‘బతికేవాడు కాదు’ అని ఉంటే నేను ఈపాటికి సుఖంగా లావెక్కి ఉండేవాణ్ణి. ‘బతికేవాడు’ అని ఉన్నా ఏదో ఒక దారి చూసుకునేవాణ్ణి.

రమేష్‌ను రప్పించి, బొంబాయిలోనే దహనం చేశాం. తిరుగుబండి ఎక్కేముందు వదిన సంచీ సర్దుతూ నన్ను పిలిచింది. ఆవిడ చేతిలో సింహాచలం చొక్కా ఉంది. రైల్లో వేసుకున్నది. ఆస్పత్రిలో చేర్చినప్పుడు వాళ్ళ బట్టలు తొడిగి దీన్ని ఆవిడ చేతికిచ్చారు. ఆవిడే మడతపెట్టి సంచీ అడుగున పెట్టింది. మళ్ళీ తీసింది అప్పుడే.

“ఇయ్యేటి మరిదీ?”

జేబులో రెండు చాక్లెట్టు బిళ్ళలున్నాయి, మెలితిప్పిన కాగితాల్లో. వాటితోపాటు అగ్గిపెట్టెలో సగమంత పల్చటి కాగితం పొట్లం. విప్పితే దూది.

ఆస్పత్రి దూది అయ్యుంటుందన్నాను. బిళ్ళలు పిల్లలెవరో ఇచ్చి ఉంటారన్నాను. ఆవిడ తల ఊపి, అన్నీ కొంగున ముడేసుకుంది. ఆ పొట్లం మీద విమానం బొమ్మ ఉందా అని మీరు అడుగుతారు. లేదు. మామూలుగా అయితే ఈ పాటికి నేను బొమ్మ వేసేసేవాణ్ణి, రెక్కలతో సహా. తెల్ల కాగితం, అంతే. నిజానికి ఆ దూది ఎందుకో అప్పటికి నాకు తెలీదు. తెలీదు కాబట్టే భయం కూడా వెయ్యలేదు.

భయం నాలుగైదేళ్ళ తర్వాత వేసింది. మిల్లు పని మీద ఒక ఇంజనీరుగారితో నన్ను మళ్ళీ బొంబాయి పంపారు. ఊరి పేరు మారిపోయింది గానీ విమానం వేళ మారలేదు. ఎనిమిదీ పది. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కాను. బెల్టు పెట్టుకోవడం ఇంజనీరుగారే నేర్పారు. ఇంకా కదలకముందే ఒక అమ్మాయి పళ్ళెం పట్టుకుని వచ్చింది. పళ్ళెంలో చాక్లెట్టు బిళ్ళలు, పల్చటి కాగితం పొట్లాలు.

అవేమిటని ఇంజనీరుగారిని అడిగాను. “దూది. చెవుల్లో పెట్టుకోవడానికి. పైకెళ్ళేటప్పుడు దిమ్మెక్కకుండా,” అన్నారు.

నేను తీసుకోలేదు. విమానం పరుగు మొదలుపెట్టింది. తాడు బిగుసుకున్నట్టు లేదు. వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టుంది. కిటికీ లోపలి అద్దానికి అడుగున సూదంత కన్నం ఉంది, చుట్టూ మంచు పట్టింది. మబ్బు కనబడితే కళ్ళు మూసుకుందామనుకున్నాను. మూసుకోలేదు. కుడివైపు కింద విమానం నీడ పరుగెత్తుతోంది, దాని చుట్టూ రంగుల గాజు. నన్ను చూసి ఇంజనీరుగారు “భయమా?” అన్నారు. కడుపులో తిప్పుతోందన్నాను. అదీ అబద్ధమే.

తిరిగొచ్చాక రాయపూర్ విమానాల ఆఫీసుకెళ్ళి, ఫలానా ఏడు ఫలానా నెలలో ఫలానా మంగళవారం విమానం సరైన వేళకే లేచిందా అని అడిగాను. నాలుగైదేళ్ళ కిందట వెళ్ళిపోయిన విమానం కోసం వచ్చిన ప్రయాణికుణ్ణి ఆ గుమాస్తా అదే మొదటిసారి చూసి ఉంటాడు. ఛాయ్ తాగుతారా అని చాలా మర్యాదగా అడిగాడు.

నా బుర్రకి తోచిన దార్లన్నీ వెతికాను. ఎక్కివచ్చినవాళ్ళు ఎవరైనా సింహాచలానికి ముందే చెప్పి ఉండొచ్చు. అయితే అతను ఆరేళ్ళు నన్నెందుకు అడిగాడు? రైల్లో ఎవరో బిళ్ళలు ఇచ్చి ఉండొచ్చు. ఎక్కింది మొదలు దిగేదాకా వదినా నేనూ అతని పక్కనుంచి ఒకేసారి లేచింది లేదు. దూది ఆస్పత్రిది అనుకుంటే, ఆ చొక్కా వాళ్ళు విప్పిందే వచ్చిన పది నిమిషాల్లో. ఏ దారినా చివరిదాకా వెళ్ళలేకపోయాను. అతను ఎలా వెళ్ళాడో నాకు తెలీదు. మామూలుగా ఎందుకు వెళ్ళలేకపోయాడో మాత్రం తెలుసు.

వదిన ఇప్పుడు ఇక్కడే కోహ్కాలో కొడుకు దగ్గర ఉంటోంది. పండక్కీ పబ్బానికీ వెళ్తుంటాను. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ నన్ను ఒకేలా పరిచయం చేస్తుంది. “ఈ మరిది ఆయనతోటి ఇమానం ఎక్కీసి ఎల్లిపోవచ్చును. నాను కూడా రావాలని రైలన్నాడు. ఆఖరి ఆరు దినాలూ ఆయన పక్కన ఉన్నానంటే ఈ బాబు సలవే.” అప్పుడు అందరూ నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తారు. నేను టీ గ్లాసులోకి చూస్తాను.

ఒకసారి ధైర్యం చేశాను. “వదినా, అప్పటికి నేను విమానం మొహం కూడా చూళ్ళేదు. అదంతా అబద్ధం,” అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. “నీ ఏసాలు నా కాడ కాదు మరిదీ!” అంది. రమేష్ కూడా వంటింట్లోంచి వచ్చి, “చాచా, ఔర్ ఏక్ సునావో,” అన్నాడు. ఇంకొకటి చెప్పమని. జీవితమంతా అబద్ధాలతో నవ్వించినవాడు ఒక నిజం చెబితే ఇంతకన్నా ఏం జరుగుతుంది?

అందుకే కాగితం మీద పెడుతున్నాను, మా తెలుగు సంఘం సంచిక కోసం. ఇందులోనూ ఒక జిత్తు ఉందని దాచను. వదినకి చదవడం రాదు. రమేష్ చదివిందంతా హిందీలోనే, తెలుగు అక్షరం గుర్తుపట్టడు. నేరం ఒప్పుకుని భద్రంగా దాచుకోవాలంటే భిలాయిలో తెలుగు లిపిని మించిన ఇనప్పెట్టె లేదు.

కానీ సంఘంలో ఎవరో వదిన చెవిన వేశారు. మొన్న బజారులో కూరల సంచీతో ఎదురుపడింది.

“మీ అన్న గురించి రాస్తన్నావంట. ఆదివారం వచ్చి సదివి ఇనిపించు. అందరం ఇంటాం.”

సరేనన్నాను. ఇంటికొచ్చి తలుపేసుకుని పైకి చదివి చూసుకున్నాను. డాక్టరు గది వచ్చేసరికి నా గొంతు ఒక పేరా వదిలేసి, ఏమీ ఎరగనట్టు సింహాచలం మాటలోకి దూకేసింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ దూకింది. అతుకు కూడా తెలియనంత శుభ్రంగా దూకింది. ఆదివారం ఇలాగే చదివితే కనిపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు.

మూడోసారి మా ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆ పేరాతో సహా చదివాను. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది. మధ్యలో చెయ్యి ఆగిపోయింది. అయిపోయాక చేట పక్కన పెట్టింది.

“ఆదివారం మనిద్దరం వెళ్దామా?” అన్నాను.

“నాను రాను,” అంది. “మీరొక్కరే ఎల్లండి. ఆ ముక్క ఒగ్గీకండా సదవండి.”